‘పోతున్న’ అనే పిల్ల

మొన్న పొద్దున ఎల్బీ నగర్‌లో విజయవాడ బస్సు కోసం నిలబడి ఉన్నాను. నల్గొండ వైపు వెళ్ళే బస్సు ఒకటి వచ్చి ఆగింది. తల్లి ఒళ్ళో కూర్చున్న చిన్నపిల్ల ఒకతె కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, కింద నిలబడ్డ అమ్మమ్మతో "పోతున్న అమ్మమ్మా" అంది. ఆవిడ గబగబా ముందుకొచ్చి, మునివేళ్ళ మీద లేచి, ఆ పిల్ల పెదాల మీద వేళ్ళతో తట్టింది. "గట్ల అనొద్దు బిడ్డా. పోయొస్త అనాలె." పిల్ల బుద్ధిగా "పోయొస్త" అంది. ఆవిడ ముఖం తేటపడింది. బస్సు కదిలింది.

నేను తెలుగు వ్యాకరణం చెప్పి బతికేదాన్ని. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉద్యోగ పరీక్షలకు తయారుచేసే ఒక కోచింగ్ సెంటర్‌లో ఏళ్ళ తరబడి సంధులూ సమాసాలూ చెబుతున్నాను. ఎవరు నోరు తెరిచినా తప్పు పట్టుకుందామని చెవులు కాచుకుని ఉంటాయి. మా ఆయన దీన్ని జబ్బు అంటారు, నేను కాదనను. మామూలుగానైతే ఆ అమ్మమ్మను మెచ్చుకుని ఊరుకునేదాన్ని. కానీ ఆ రోజు ‘పోతున్న’ అనే మాట చెవిన పడగానే మరో పిల్ల కళ్ళ ముందుకొచ్చింది. అదే ఆలోచనలో ఉండగా నా బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. నేను ఎక్కలేదు.

ఆ పిల్ల పేరు రాయను. ఎప్పటికైనా నీ గురించి రాస్తాను అని ఒకసారి అంటే, పేరు మాత్రం వద్దని తనే చెప్పింది. "పేరు రాస్తె అందరు నన్ను చూసి అయ్యో అంటరు మేడం. ఎవరన్న అయ్యో అంటె నాకు ఆకలైతది." దీంట్లో కొంత నిజం ఉంది. మందులు జోరుగా సాగిన రోజుల్లో చూడవచ్చిన ప్రతి చుట్టమూ గుమ్మంలో అయ్యో అని, లోపలికొచ్చి ఏదో ఒకటి తినడానికి పెట్టేవారు. ఆ మందుల వల్ల విపరీతంగా ఆకలి వేసేది. అలా ఆ రెండూ ఆ పిల్ల కడుపులో కలిసిపోయాయి.

సరూర్‌నగర్‌లో చెరువుకు దగ్గరగా ఒక ఇంటి పై వాటాలో మేము అద్దెకు దిగినప్పుడు, ఆ పిల్ల ఏడో తరగతిలో ఉండాల్సిన వయసు. బడికి పోవడం లేదు. కింద వాటాలో ఇంటివాళ్ళు, ఆ పిల్లా తల్లిదండ్రులూ. తండ్రి నల్గొండ జిల్లా పల్లె నుంచి వచ్చి, సొంతంగా సరుకులు మోసే డీసీఎం వ్యాను ఒకటి నడుపుకుంటూ, గది తరవాత గది వేసుకుంటూ ఆ ఇల్లు కట్టుకున్న మనిషి. మాది కృష్ణా జిల్లా. వాళ్ళు కిరాయి అనేవాళ్ళు, మేము అద్దె అనేవాళ్ళం. ఇచ్చేదీ పుచ్చుకునేదీ ఒకటే కనుక పేచీ రాలేదు.

ఆ ఇంటికి మెట్లు బయటివైపు ఉంటాయి. మెట్లు మలుపు తిరిగే చోట ఓ చాప పట్టేంత చదును. మధ్యాహ్నమైతే అక్కడ నీడ పడుతుంది, చెరువు మీది గాలి వస్తుంది. గాలితో పాటు గుర్రపుడెక్క వాసనా దోమలూ కూడా వస్తాయి. ఆ పిల్ల చోటు అది. మూతికి మాస్కు, గుండుకు రంగు వెలిసిన స్కార్ఫు, గోడకు ఆనించిన చెంప. నేను క్లాసు ముగించుకుని సంచీ మోసుకుంటూ ఎక్కుతుంటే పక్కకు జరిగేది కాదు. మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, "టికెట్ చూపియ్యుండ్రి మేడం" అనేది.

ఆ చదును తన మెట్రో రైలు. జనంలోకి వెళ్ళకూడదని డాక్టర్లు కట్టడి చేసినప్పటి నుంచీ రోజూ అందులో ప్రయాణం చేసేది. మలక్‌పేట్ దగ్గర ఎక్కేది. దిల్‌సుఖ్‌నగర్ వచ్చేసరికి బండి ఖాళీ అయిపోతుంది, కోచింగ్ పోరగాళ్ళంతా అక్కడే దిగుతారు. ఎల్బీ నగర్‌లో మిగిలినవాళ్ళు కూడా దిగాలి, అది చివరి స్టేషన్. ఆ పిల్ల దిగేది కాదు. అక్కడి నుంచే అసలు బండి మొదలు. హయత్‌నగర్ మీదుగా, పత్తి చేలమీదుగా, తాటిచెట్ల తలల మీదుగా పోయేది. అమ్మమ్మ ఊళ్ళో గొడ్లకొట్టం పైన ఒక స్టేషన్ కట్టింది. "బర్రెలకు సప్పుడు కాకుండ ఆగుతది మేడం. లిఫ్టు గూడ ఉంది, అమ్మమ్మకు మోకాళ్ళు నొస్తయి గద." ఆకలి రోజుల్లో స్టేషన్ల పేర్లు మారిపోయేవి. కళ్ళు మూసుకుని, రైల్లో వినపడే గొంతును అనుకరిస్తూ, "తదుపరి స్టేషన్ పచ్చిపులుసు. తలుపులు ఎడమ వైపు తెరుచుకుంటాయి" అనేది. ఆ తలుపులోంచి నాకూ పచ్చిపులుసు వాసన వచ్చినట్టే ఉండేది. సంచీ పక్కన పెట్టి ఆ మెట్టు మీదే కూర్చుండిపోయేదాన్ని. ఒక్కోసారి ఇద్దరం అక్కడే కునుకు తీసేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే ఆ మధ్యాహ్నాల్లో జరిగిందెంతో నేను కలగన్నదెంతో విడదీయలేను.

"మీ ఊరికి గూడ పోతది" అని ఒకరోజు చెప్పింది. "కృష్ణ దాటినంక మీ స్టేషన్. అప్పుడు నన్ను లేపుండ్రి."

ఆ పిల్లకు వచ్చింది రక్తపు క్యాన్సర్. ఆ ఇంట్లో ఆ పేరు ఎవరూ పలికేవారు కాదు. తల్లి ‘గా బీమారి’ అనేది, అది కూడా గొంతు తగ్గించి. పిల్ల మాత్రం తల్లి వంటింట్లో ఉన్నప్పుడు మామూలుగా క్యాన్సర్ అనేది, తల్లి దగ్గరికి రాగానే ‘గా బీమారి’ అనేది. వాళ్ళమ్మను కాపాడుకుంటున్నట్టు ఉండేది ఆ పద్ధతి. కూరగాయల బండివాడికి సంగతి తెలియదు. గుండు చూసి, "ఏ గుట్టకు పోయిన్రు పాపా? నాకు ప్రసాదమేది?" అని అడిగాడు ఒకసారి. తల్లి కొంగు నోట్లో కుక్కుకుంది. పిల్ల తొణకలేదు. "మొక్కు ఇంక తీరలే తాతా. తీరినంక తెస్త" అంది. బండివాడు ఆ సమాధానానికి చాలా సంతోషించి ఓ గుప్పెడు కొత్తిమీర కొసరు వేశాడు.

ఇంత చలాకీగా ఉండేది కదా అని ఎప్పుడూ అలాగే ఉండేదనుకోవద్దు. నోరంతా పూసి మంచినీళ్ళు కూడా దిగని రోజులున్నాయి. నాలుగు మెట్లు ఎక్కలేక తండ్రి భుజం మీద తన మలుపు దాకా వచ్చిన రోజులున్నాయి. నడుములో సూది వేసే రోజున పొద్దున్నుంచీ ఎవరితోనూ మాట్లాడేది కాదు. "సూది స్టేషన్‌ల బండి ఆగదు మేడం. కని మస్తు స్లో అయితది" అని మాత్రం చెప్పింది. వార్డులో తనకొక నేస్తం ఉండేది, మీర్‌పేట్ పిల్ల. ఒక వారం వెళ్ళేసరికి ఆ మంచం మీద కొత్త దుప్పటి ఉందట. ఆ సాయంత్రం నేను మెట్లెక్కుతుంటే పక్కకు జరిగి దారిచ్చింది. అలా దారివ్వడం అదే మొదటిసారి. "ఇయ్యాల బండి లేదు మేడం" అంది. నేను పైకి వెళ్ళిపోయాను. అన్నం వండుతూ ఏడ్చాను.

ఇక ఆ మాట సంగతి. ఒకసారి వాళ్ళమ్మ జ్వరంతో లేవలేకపోయింది. తండ్రి వ్యాను లోడుతో సూర్యాపేట దాటి పోయాడు. దవాఖానకు వెళ్ళాల్సిన రోజు కావడంతో ఆటోలో నేనే తీసుకెళ్ళాను. వార్డు గోడల మీద ఏనుగులూ చేపలూ బొమ్మలు వేసి ఉన్నాయి. సెలైన్ స్టాండ్లు పట్టుకుని పిల్లలు, వాళ్ళ పక్కన బత్తాయిలు ఒలుస్తూ తల్లులు. మందు ఎక్కించడం అయిపోయాక ఆ పిల్ల చెప్పులు వేసుకుని, మంచం మంచం దగ్గరా ఆగి, పిల్లల పిడికిళ్ళకు తన పిడికిలి తగిలిస్తూ "పోతున్న", "పోతున్న" అంటూ నడిచింది. గుమ్మం దగ్గర నర్సుతో కూడా, "పోతున్న సిస్టర్" అంది.

నా చెవులు ఊరుకుంటాయా. "తప్పమ్మా. వెళ్ళొస్తా అనాలి" అన్నాను. క్లాసులో చివరి బెంచీకి వినపడే గొంతు నాది.

బత్తాయిలు ఒలిచే చేతులు ఆగిపోయాయి. ఆ తల్లులందరూ నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. నర్సు నా దగ్గరికి వచ్చి మెల్లిగా, "మేడం, ఈడ గా మాట అనొద్దు. ఈడికి మళ్ల ఎవ్వరు రావొద్దు గద" అంది. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పిల్ల నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

ఆటోలో నేను బుద్ధిగా కూర్చున్నాను. తను పాఠం మొదలుపెట్టింది.

"ఇంటికాడ పోయొస్త అనాలె మేడం. ఇంటికి తిరిగి రావాలె గద. దవాఖానల పోతున్న అనాలె. రెండు కలుపొద్దు."

"మరి వచ్చే వారం ఇక్కడికే రావాలిగా?"

"రమ్మంటె ఒస్తం. మనంతట మనం ఒస్తమని చెప్పుడెందుకు?" కాసేపు ఆలోచించి, "మీ గ్రామర్‌ల దీనికి ఏమన్న పేరున్నదా?" అని అడిగింది.

లేదన్నాను.

"పెట్టుండ్రి మరి" అంది. మూసీ వంతెన ఎక్కుతుంటే నా భుజం మీద తల వాల్చి, నిద్ర మాటల్లో, "బీమారికైతె ఉత్త పో అనాలె. పోయి రా అనొద్దు. అది గూడ మర్యాద గలదే అయితె నిజంగనే ఒస్తది" అంది. స్కార్ఫు పక్కకు జరిగితే సరిచేశాను. ఆ పిల్లను నేను ప్రేమించడం మొదలైంది బహుశా ఆ వంతెన మీదే.

మర్యాద అంటే ఆ పిల్ల తండ్రిని చూడాలి. ఆ మనిషి నోట ‘పోయొస్త’ అనే మాట ఊపిరిలా వచ్చేది. డాబా మీద నీళ్ళ ట్యాంకు చూడ్డానికి వెళ్తూ భార్యతో పోయొస్త అనేవాడు. పాలప్యాకెట్ కొని దుకాణంవాడితో పోయొస్త సేటూ అనేవాడు. రింగ్ రోడ్డు దగ్గర వ్యానుకు చలానా రాసిన కానిస్టేబుల్‌తో కూడా, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని, "పోయొస్త సార్" అన్నాడట. "ఎందుకు రా, మళ్ల రాంగ్ రూట్‌ల ఒస్తవా?" అని ఆ కానిస్టేబులే నవ్వాడట. ఇది పిల్ల నటించి చూపించేది. గుండె మీద చెయ్యీ, కాస్త వంచిన నడుమూ అచ్చం తండ్రివే.

మందులు ఆపేసే రోజు వచ్చింది. ఆ రోజు పొద్దున్నే పాయసం చేసి పెట్టుకుని ఎదురుచూశాను. మధ్యాహ్నం వ్యాను వచ్చి ఆగింది. తండ్రి స్టీరింగ్ ముందే కూర్చుండిపోయాడు. తల్లి నావైపు చూడకుండా లోపలికి పోయింది. మెట్ల మలుపులో పిల్లను పట్టుకున్నాను.

"ఏమన్నారు డాక్టరు?"

"మంచిగనే ఉన్న అన్నరు మేడం. మందులు బంద్. చెకప్‌కు కింది రూముకు ఒస్తె సాలు, పై వార్డుకు పని లేదన్నరు."

"మరి వీళ్ళెందుకిలా ఉన్నారు?"

పిల్ల నవ్వాపుకుంటూ మాస్కు పైకి లాక్కుంది. "డాడీ వార్డు గుమ్మంల నిలవడి, గుండె మీద చెయ్యి వెట్టి, ‘పోయొస్తం సార్’ అన్నడు."

నాకూ నవ్వొచ్చింది. తరవాత రాలేదు. వార్డంతా వింది. తల్లి అక్కడే మొగుడి చెయ్యి గిల్లిందట. డాక్టరు విన్నాడో లేదో తెలియదు, తలాడించాడట. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అలవాటైన మర్యాద ఆ మనిషిని ఆ గుమ్మంలోనే దెబ్బ తీసింది.

అప్పటి నుంచి ఆయన ఎవరితోనూ పోయొస్త అనడం మానేశాడు. మాటా పలుకూ లేకుండా లేచి వెళ్ళిపోయేవాడు. దుకాణం సేటు, కూతురు కోలుకునేసరికి ఈయనకు గీర పెరిగిందన్నాడు. ఒక సాయంత్రం మా వాటా గుమ్మం బయట నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"మేడం, మీరు మాటల సదువు సదివినోళ్ళు. అన్న మాట ఎనుకకు తీసుకునే తీరు ఏమన్న ఉంటదా?"

"మాటల వల్ల రోగాలు రావండీ అన్నయ్యగారూ."

"నాకు ఎర్కనే మేడం. డాక్టర్ సాబ్ గూడ చెప్పిండు. కని గంతమంది ఈడ అనొద్దని చెప్పిన మాట, నా నోట్లెనుంచే ఎందుకొచ్చింది?" అన్నాడు. ఆయనకు కావలసింది వ్యాకరణం కాదని తెలుసు. కాసేపు చెరువువైపు చూసి, ఏమీ చెప్పకుండా మెట్లు దిగిపోయాడు.

ఆ ఇంట్లో క్యాన్సర్ అనే పేరు కన్నా ఎక్కువ భయపెట్టే మాట ఒకటి వచ్చి చేరింది. ‘మళ్ల’. తల్లి వడ్డిస్తూ "మళ్ల పెట్టాల్నా" అనబోయి ఆగి "ఇంకింత పెట్టాల్నా" అనేది. పిల్ల బడికి వెళ్తోంది, తల మీద నూగు మొలిచింది, మెట్రోలో నిజంగానే ఎక్కి దిగుతోంది. అయినా ఆ ఇల్లు చెవి రిక్కించుకుని ఉండేది. చెకప్ రోజు దగ్గరపడితే ఆ ఆలుమగలు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు కాదు.

మరుసటి వానాకాలంలో జ్వరం రానే వచ్చింది. పొద్దున్నే తల్లి పైకి పరిగెత్తుకొచ్చింది. "మేడం, ఒళ్ళు కాలిపోతున్నది" అంటూ నా చెయ్యి పట్టుకుని మెట్లవైపు లాగింది. వ్యాను ముందు సీట్లో నలుగురం ఇరుక్కుని వెళ్ళాం. దారి పొడుగునా వాన. కింది గదిలో చూసి, రక్తం తీసుకుని, పై వార్డుకు పంపారు. అదే వార్డు, అవే ఏనుగులూ చేపలూ. తండ్రి గుమ్మం దగ్గర ఆగిపోయాడు, నేను వెనక నుంచి మెల్లిగా నెట్టాల్సి వచ్చింది. కాసేపటికి డాక్టరు వచ్చి, రక్తంలో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయని, ఎందుకు పడిపోయాయో స్లైడు చూశాక గానీ చెప్పలేనని అన్నాడు. ప్లేట్‌లెట్లు పడిపోవడం అంటే ఏమిటో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. మొదటిసారి కూడా అలాగే మొదలైంది.

తండ్రి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని నేలకేసి చూస్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి, శబ్దం లేదు. తల్లి పిల్ల పాదాలు ఒళ్ళో పెట్టుకుని ఒత్తుతోంది. పిల్ల జ్వరం కళ్ళతో తండ్రిని చాలాసేపు చూసింది. మామూలుగా డాడీ అని పిలిచే పిల్ల, ఆ రోజు "నాయినా" అంది.

ఆయన తల ఎత్తాడు.

"నువ్వు పోయొస్తమని చెప్పినవ్ గద ఆనాడు. ఒచ్చినం గద. మాట తప్పలే. ఇగ అది తీరిపోయింది."

ఆయనకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

"ఇగ దాని గురించి పరేషాన్ గాకు" అంది పిల్ల. పెదాలు ఎండిపోయి మాట మాటకీ ఆగుతోంది. "ఇప్పుడు ఏం ఒచ్చినా గా మాటతోని ఒచ్చింది కాదు. నువ్వు తేలే. ఎర్కయిందా?"

ఆ మాటతో ఆ మనిషి కూలిపోయాడు. మంచం పట్టీ మీద తల పెట్టి, వార్డులో పిల్లలందరూ చూస్తుండగా, భుజాలు ఎగిరెగిరి పడేలా ఏడ్చాడు. పిల్ల సూది గుచ్చని చెయ్యి ఆయన తల మీద వేసింది. వెంటనే కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందో రైలెక్కిందో తెలియదు. జబ్బు తిరగబెట్టిందో లేదో ఇంకా ఎవరికీ తెలియదు, ఆ పిల్లకు కూడా తెలియదు. ఒకవేళ తిరగబెడితే ఆ బరువు తండ్రి నెత్తిన ఉండకూడదని ముందుగానే దించేసింది.

వాన తెరిపి ఇచ్చిన వేళకు డాక్టరు కాగితం పట్టుకుని వచ్చాడు. "పాత జబ్బు కాదు. స్లైడు శుభ్రంగా ఉంది. డెంగీ" అన్నాడు.

తల్లి లేచి నిలబడింది. "దోమనే గద సార్? ఉత్త దోమనే గద?"

"డెంగీ కూడా తేలిక కాదమ్మా. నాలుగు రోజులు ఇక్కడే ఉంచి జాగ్రత్తగా చూడాలి."

వాళ్ళకు ఆ రెండో ముక్క వినపడలేదు. వినపడినా లెక్కచేసే స్థితిలో లేరు. ఆవిడ నన్ను వాటేసుకుంది. తండ్రి వరండాలోకి వెళ్ళి ఊళ్ళో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి, "అరేయ్, బిడ్డకు డెంగీ అంటరా. డెంగీనే" అని నవ్వుతూ ఏడుస్తూ చెబుతుంటే, అవతల అతను ఏమనుకున్నాడో ఏమో, "అన్నా, నువ్వు మంచిగనే ఉన్నవా?" అని అడిగాడట. డెంగీ వచ్చిందని మిఠాయి పంచిపెట్టిన ఇల్లు సరూర్‌నగర్ మొత్తానికి అదొక్కటే అయి ఉంటుంది. వార్డులో నర్సులకు కూడా లడ్డూలు అందాయి. సాయంత్రమైతే చెరువు దోమల్ని తిట్టుకునే మా ఆయన, ఆ వారమంతా వాటిని పల్లెత్తు మాట అనలేదు.

డిశ్చార్జ్ రోజు నేనూ వెళ్ళాను. సంచులు సర్దుకుని గుమ్మం దాకా వచ్చాం. డాక్టరు ఎదురొచ్చాడు. తండ్రి చెయ్యి అలవాటుగా గుండె మీదకు వెళ్ళి అక్కడే ఆగిపోయింది. నోరు తెరవడానికి భయపడుతున్నాడు. పిల్ల ముందుకు నడవలేదు, ఆయన పక్కనే నిలబడింది.

"చెప్పు డాడీ" అంది.

"పోతున్నం సార్." బొంగురుగా, చాలా పెద్దగా వచ్చింది. అంత మోటుగా ఆయన జీవితంలో ఎవరితోనూ మాట్లాడి ఉండడు.

డాక్టరు నవ్వలేదు. "పోండి" అన్నాడు. "ఇటువైపు రాకండి." బత్తాయిలు ఒలుస్తున్న తల్లులు మావైపు చూసి తలలూపారు. వ్యాను ఎక్కాక కూడా తండ్రి ఆ మాటే ఇంకోసారి మెల్లగా అనుకోవడం నేను విన్నాను.

ఆ తరవాత మేము నాగోల్‌లో సొంత ఫ్లాటుకు మారిపోయాం. పిల్ల అప్పుడప్పుడు వచ్చి పోయేది. ఇంటర్‌లో చేరింది. తలకట్టు విచిత్రంగా మారింది. ఒకప్పుడు నిటారుగా ఉండేదట, ఇప్పుడు వచ్చిన జుట్టు ఉంగరాలు తిరిగి ఒత్తుగా నడుము దాకా పెరిగింది. వాళ్ళమ్మకు ఆ జుట్టు మీద ప్రాణం. రోజూ నూనె పెట్టి దువ్వేది, దువ్వెనకు నాలుగు వెంట్రుకలు ఎక్కువ వస్తే ఆ పూట అన్నం తినేది కాదు. కత్తెర అనే వస్తువు ఆ ఇంట్లో తలకు ఆమడ దూరంలో ఉండేది. చివర్లు చిట్లుతున్నాయి, కాస్త సమంగా కత్తిరించమన్నా ఒప్పుకునేది కాదు.

ఒక సాయంత్రం నేను క్లాసు ముగించుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభాల కింద నిలబడి ఉంటే వెనక నుంచి ఎవరో "మేడం" అన్నారు. తిరిగి చూసి ఒక్క క్షణం పోల్చుకోలేకపోయాను. జుట్టు మెడ మీదికి కత్తిరించేసుకుంది. ఇప్పుడే సెలూన్‌లోంచి వచ్చినట్టుంది, భుజాల మీద ఇంకా తుంపులు అంటుకుని ఉన్నాయి.

"ఇదేంటే. మీ అమ్మకు తెలుసా?"

"ఇంటికి పోతె తెలుస్తది."

"చచ్చీచెడీ వచ్చిన జుట్టు కదే అది. ఎలా మనసొప్పింది నీకు?"

"ఒచ్చిందని ఎన్నొద్దులు దాన్నే చూసుకుంట కూసుందునూ? నెత్తి మస్తు బరువైతుంది మేడం. మళ్ల పెరుగుతది తియ్యుండ్రి" అంది.

ఆ ఇంటి మనిషి నోట ‘మళ్ల’ అనే మాట అంత తేలిగ్గా రావడం నేను వినడం అదే మొదలు. అన్న పిల్లకు మాత్రం ఆ ధ్యాస లేదు. రోడ్డవతల బండి మీద మిర్చి బజ్జీలు అప్పుడే నూనెలోంచి దించుతున్నారు. భుజం మీది వెంట్రుకలు దులుపుకుని, నా సంచీ తను తీసుకుని, ట్రాఫిక్ ఎప్పుడు ఆగుతుందా అని అటే చూస్తోంది.